కంటి ఆసుపత్రి కోరల్

జూన్ 3, మంగళవారం

మా ఆవిడ పొద్దున్నే చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. చిన్న సంచీయే తీసుకెళ్ళింది. రెండ్రోజుల్లో వచ్చేస్తుంది.

ఇల్లు హాయిగా ఉంది. ఫ్యాను తిరిగే చప్పుడు కూడా వినిపిస్తోంది. నేను పనిచేసే చేపల ట్యాంకుల కొట్లో పాత స్టాకు పుస్తకంలో సగం ఖాళీగా ఉంటే తెచ్చుకుని ఇలా రాస్తున్నాను. మాట్లాడటానికి మనిషి లేక కాదు, ఊరికే.

ఆదివారం జరిగినదానికి ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. వకీలుగారి హాల్లో ఉప్పునీటి ట్యాంకుకి ఎర్ర కోరల్, అదే ప్లాస్టిక్ పగడపు కొమ్మ, పెట్టమంటే ఆకుపచ్చది పెట్టి వచ్చాను. ఆయన దాన్ని కవర్లో వేసుకుని, నీళ్ళు కారుతుండగా కొట్టుకొచ్చి, "ఏమయ్యా మేస్త్రీ, ఇదేనా ఎరుపంటే?" అని కౌంటరు మీద పెట్టాడు. ఓనరున్నాడు, ఓనరు అల్లుడున్నాడు, కొనడానికొచ్చిన వాళ్ళు ఇద్దరున్నారు. నాకు భోజనం తెచ్చిన మా ఆవిడా ఉంది. నేనేం చెప్పాలి? ఇరవై రెండేళ్ళుగా ట్యాంకులు ముస్తాబు చేసేవాడికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదని చెప్పాలా? "మా ఆవిడ పెట్టె మార్చి పెట్టింది" అన్నాను. నోటికి ఆ మాటే వచ్చింది.

ఆవిడ క్యారియరు సర్దుకుని వెళ్ళిపోయింది.

కోరల్ పెట్టెలతో ఆవిడకేం పనని ఎవరూ అడగలేదు. రోజూ మధ్యాహ్నం నేను తింటుంటే కొత్త స్టాకు చూస్తూ తిరుగుతుంది కదా, కోరల్ అంటే సరదా అనుకుంటారంతా. తిరుగుతూ ఒక్కోదాని అడుగున పెన్సిలుతో అక్షరం రాస్తుంది. ఎరుపుకి 'ఎ', ఆకుపచ్చకి 'ఆ', గులాబీకి 'గు'. పసుపూ నీలమూ నాకు తెలుస్తాయి. మిగతావన్నీ పుట్టినప్పటి నుంచీ ఒకటే బురద. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలీదు.

వకీలుగారి కోరల్ మీద అక్షరం చెరిగిపోయి ఉంటుంది. పెన్సిలు కదా.

జూన్ 4, బుధవారం

వంట బాగానే కుదిరింది. గిన్నె మాత్రం పారేయాలి.

జూన్ 6, శుక్రవారం

ఓనరు నన్నూ అల్లుణ్ణీ లోపలికి పిలిచాడు. కంటి ఆసుపత్రి వాళ్ళ వెయిటింగ్ హాల్లో ఎనిమిదడుగుల ఉప్పునీటి ట్యాంకు పెట్టాలట. ఇంత పెద్దది మన కొట్టుకి ఎప్పుడూ రాలేదు.

"అక్కడి పెద్ద డాక్టరమ్మ రెండు రకాలు చూసి ఎంచుకుంటానంది. కొట్టు ముందున్న ట్యాంకుల్లో ఒకటి నువ్వు సర్దు, ఒకటి అల్లుడు సర్దుతాడు. ఇరవై ఒకటో తారీకు ఆవిడ వస్తుంది. ఎవరిది నచ్చితే ఇక ముస్తాబు పని వాళ్ళది. రెండోవాళ్ళు మన గోడౌన్ చూసుకోండి" అన్నాడు.

మా గోడౌనంటే ఉప్పు బస్తాలు మోయడమే.

"మేస్త్రిగారికి నడుం నొప్పి కదా మావయ్యా, బస్తాలెలా ఎత్తుతారు?" అన్నాడు అల్లుడు. ఎంత జాలో! ఇంకా పోటీయే మొదలవలేదు, బస్తాలు నా నెత్తినెట్టేశాడు.

కుర్చీలో కూర్చుని ఊఁ కొట్టాను. భయమేం లేదు. అనుభవం ఉన్నవాణ్ణి.

జూన్ 7, శనివారం

హోల్‌సేల్ గోడౌన్‌కి వెళ్ళాను. గోడ పొడుగునా అరలు. కొమ్మలు, విసనకర్రలు, పుట్టగొడుగులు, మెదడులా ముడతలు పడ్డవి, బల్లలా పరుచుకున్నవి. అన్నీ ప్లాస్టిక్‌తోనో రెజిన్‌తోనో పోసిన కోరల్ బొమ్మలే. వంద పైనే ఉంటాయి. అడుగు తిప్పి చూశాను. అక్షరాలు లేవు. ఎందుకుంటాయి?

అక్కడ అమ్మే అమ్మాయి వెనకే వచ్చింది. "ఏ రంగులో చూపించమంటారు సార్?"

"చూస్తున్నా."

"ఎరుపులో కొత్తవొచ్చాయి. ఇదిగో, మీ చేతిలో ఉన్నదే."

నా చేతిలో ఉన్నది ఎరుపట. తేలు కుట్టిన దొంగలా నవ్వి దాన్ని అరలో పెట్టేశాను. స్టాకు బాగాలేదని చెప్పి వచ్చేశాను. నిజంగానే బాగాలేదు.

అల్లుడు నిన్ననే వెళ్ళి ఇరవై మూడు తెచ్చాడట.

జూన్ 8, ఆదివారం

చిన్న సంచీయే. అయినా ఆరు రోజులైంది.

జూన్ 9, సోమవారం

ఫోన్ చేశాను. పనుండే చేశాను.

"ఇస్త్రీ పెట్టె ఎక్కడ పెట్టావు?"

"బీరువా పక్కన. ఎప్పుడూ ఉండే చోటే."

"సరే."

"ఇంకేమైనా అడగాలా?"

"ఏం లేదు."

పెట్టేసింది. మళ్ళీ హోల్‌సేల్ గోడౌన్‌కి వెళ్ళి పన్నెండు కోరల్ ఫోటోలు తీసి ఆవిడకి పంపాను. 'ఏది ఏ రంగో రాసి పంపు' అన్నాను. సాయంత్రానికి జవాబొచ్చింది. 'నన్ను అడగాల్సింది ఇది కాదు.'

మరేం అడగాలట? పాతికేళ్ళు కాపురం చేసి పొడుపు కథలు!

చొక్కా ఇస్త్రీ చేసుకోలేదు.

జూన్ 11, బుధవారం

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

హాలు కొలుచుకుందామని కంటి ఆసుపత్రికి వెళ్ళాను. పొడుగాటి హాలు, వరసగా కుర్చీలు, కుర్చీల్లో జనం. ఒక కన్నుకి పట్టీ వేసుకున్నవాళ్ళు, నల్లద్దాలవాళ్ళు, చుక్కలమందు వేయించుకుని తల వెనక్కి వాల్చినవాళ్ళు. ట్యాంకు పెట్టే గోడ దగ్గర టేపు పట్టుకుని వంగున్నాను. పక్క కుర్చీలోంచి ఒక పెద్దావిడ అడిగింది. డెబ్బై దాటి ఉంటాయి. ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యిందట, అక్కడ నర్సులంతా టీచరమ్మా అనే పిలుస్తున్నారు.

"ఏం కొలుస్తున్నావు నాయనా?"

"ఇక్కడ చేపల ట్యాంకు వస్తుందండీ."

"మా ముందా? చెవిటివాడి ముందు శంఖమన్నట్టుందే!" అని నవ్వింది. "నాకు చూపు మధ్యలో పోయింది. నీ మొహం కనపడదు, చెవులు కనపడుతున్నాయి. బాగా పెద్ద చెవులే."

"రంగులు తెలుస్తాయాండీ?"

"అవెప్పుడో జారుకున్నాయి. అంచులు తెలుస్తాయి. అంచు గట్టిగా ఉంటే కుర్చీ కుర్చీయే, గుమ్మం గుమ్మమే. పని జరిగిపోతుంది."

ఏమైందో తెలీదు, టేపు చుట్టుకుంటూ అనేశాను. "నాకూ ఎరుపు తెలీదండీ. పుట్టుకతోనే."

మా ఆవిడకి కాకుండా ఇంకో మనిషికి ఈ మాట చెప్పడం ఇదే మొదలు. ఆకాశం ఊడి మీద పడుతుందనుకున్నాను. టీచరమ్మ తల ఓ పక్కకి తిప్పి, నన్ను కంటి కొసతో చూసింది.

"మరి నీ ఉద్యోగం?"

"ట్యాంకుల్లో కోరల్ పెట్టడమేనండీ."

"ఎలా పెడతావు?"

చెప్పాను. కోరల్ని ముందు వేళ్ళతో తడమాలని, దూది రాస్తే పట్టుకునేటంత పదును ఎక్కడున్నా చేప రెక్క చీలుతుందని. వెనక నీరు తిరగని మూల వదిలితే అక్కడ కుళ్ళు పేరుతుందని. దూరడానికి చోటిస్తేనే చేప ధైర్యంగా బయటికొస్తుందని, చోటు లేని ట్యాంకులో మూల పట్టుకుని వణుకుతుందని. పెద్దది వెనక, వెలుతురు పడేది ముందు, మధ్యలో దారి. అరగంట చెప్పాను. నర్సు వచ్చి పిలిచింది కూడా, "ఉండమ్మా, వింటున్నా" అంది టీచరమ్మ.

లేస్తూ అంది, "ఇంత తెలిసినవాడివి, ఎరుపు కోసం ఏడుస్తావేమయ్యా?"

ఏడుస్తున్నానని నేను చెప్పలేదు.

జూన్ 12, గురువారం

హోల్‌సేల్ గోడౌన్. అదే అమ్మాయి.

"అమ్మా, నాకు రంగులు తెలియవు. నేను తీసిన ప్రతిదాని రంగూ నువ్వు చెబుతుండు" అన్నాను.

"అలాగే సార్. మా లోడింగ్ ఆయనకీ అంతే. పెట్టెలన్నీ నంబర్లతోనే గుర్తుపడతాడు" అని నిచ్చెన తెచ్చుకుంది.

అంతే. నిచ్చెనెక్కి, "ఇది ఎరుపు, ఇది నారింజ, ఇది ఆకుపచ్చ, అది మీకు నప్పదు సార్, ముక్క విరిగింది" అని చెప్పుకుంటూ పోయింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఇరవై రెండేళ్ళు పట్టిందా నాకు? పక్కనే టైర్లకి గాలి కొట్టే అతను "ఒంట్లో బాగోలేదా?" అని నీళ్ళిచ్చాడు. ఒంట్లో ఇంత బాగా ఎప్పుడూ లేదయ్యా.

మళ్ళీ లోపలికెళ్ళి, ఈసారి కళ్ళు సగం మూసుకుని ఎంచాను. సగం మూసినా ఆకారం నిలబడితే తీసుకున్నాను, కలిసిపోతే వదిలేశాను. మధ్యలో పెద్ద రంధ్రం ఉన్న ముడతల గుండు ఒకటి, కమానులా ఉంది. వెడల్పు బల్ల ఒకటి. పాలిపోయిన విసనకర్ర ఒకటి. పొట్టి కొమ్మలు రెండు. ఐదు.

"ఐదేనా సార్? అల్లుడుగారు ఇరవై మూడు..."

"ఐదే."

జూన్ 13, శుక్రవారం

ఐదింటినీ బకెట్లలో ఉప్పునీళ్ళలో నానబెట్టాను. ఒక కొమ్మని తెల్ల రుమాలుతో రుద్దితే మరక దిగింది. ఏ రంగో తెలీదు కానీ మరక మరకే. వెళ్ళి మార్చుకొచ్చాను.

ఇంకో సంగతి. వకీలుగారి కోరల్ మీద అక్షరం చెరగలేదు. ఆ ఆదివారమే, అంతా వెళ్ళాక తిప్పి చూశాను. 'ఆ' అని ఉంది. గుండ్రంగా, ఆవిడ చేతిరాతే. పెట్టేముందు నేనే చూసుకోలేదు.

జూన్ 15, ఆదివారం

మరదలి ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, "రండి బావగారూ, ఇస్త్రీ పెట్టె దొరికిందా?" అంది. లోపల తోడల్లుడు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నాడు. ఇంటిల్లిపాదికీ తెలిసిపోయిందన్నమాట.

మా ఆవిడ వెనక వరండాలో బట్టలు ఆరేస్తోంది. క్లిప్పుల బుట్ట నేను పట్టుకున్నాను.

"తప్పు నాదే. అక్షరం సరిగ్గానే ఉంది. నేను చూసుకోలేదు. నీ మీద నెట్టేశాను" అన్నాను.

ఆవిడ దుప్పటి దులిపి తీగ మీద వేసింది. "రంగు తెలియదని మీరు దాస్తే ఇన్నేళ్ళూ మీతో పాటు నేనూ దాచాను. అందులో నాకు బాధ లేదు. అంతమందిలో నన్ను పనికిమాలినదాన్ని చేశారే, అదీ."

"క్షమించు."

"ఇక్కడ ఎవరున్నారని? ఈ తీగకీ దుప్పటికీ చెబుతున్నారా? అన్న చోటే చెప్పండి."

"కొట్లోనా? అందరి ముందరా?"

"అందరి ముందరే కదా అన్నారు."

క్లిప్పులన్నీ అయిపోయేదాకా అందిస్తూనే ఉన్నాను. టీ ఇచ్చింది. రమ్మంటే మాత్రం రాలేదు.

జూన్ 18, బుధవారం

నా ట్యాంకు సర్దాను. కమాను గుండు కుడివైపు, దాని మీదుగా బల్ల, ముందు విసనకర్ర, పక్కన కొమ్మలు. ఎడమ వైపు మూడో వంతు ఏమీ పెట్టలేదు, తెల్ల ఇసుకే. వెనక ముదురు నీలం పలక. మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాను. రెండు పసుపు చేపలు, నాలుగు చారల చేపలు వదిలాను.

ఓనరు వచ్చి చూసి గడ్డం గోక్కున్నాడు. "ఖాళీగా లేదూ?"

అల్లుడి ట్యాంకు ముందు జనం ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. కొమ్మ మీద కొమ్మ, గుండు మీద గుండు. అందరూ ఆహా అంటున్నారు. నాకది చెత్తబుట్ట బోర్లించినట్టుంది. అసూయ కాదు. కొంచెం అసూయ.

జూన్ 20, శుక్రవారం

నిద్ర పట్టలేదు. గోడౌన్ తాళం చెవి బరువెంతుంటుందో అనుకున్నాను.

జూన్ 21, శనివారం

గెలిచాను!

వరసగా రాస్తాను. పదకొండింటికి డాక్టరమ్మ వచ్చింది. ఒక్కతే రాలేదు. వెనక ఆసుపత్రి వ్యానులోంచి ముగ్గురు పేషెంట్లు దిగారు. నల్లద్దాలు పెట్టుకున్న లారీ డ్రైవరు, కంటికి పట్టీ కట్టుకున్న ఒకావిడ, మూడో మనిషి టీచరమ్మ! ఓనరు తెల్లబోయాడు.

"ట్యాంకు నా కోసం కాదు కదండీ" అంది డాక్టరమ్మ. "రోజూ దాని ముందు గంటలు గంటలు కూర్చునేది వీళ్ళు. వీళ్ళనే చెప్పనివ్వండి."

పది అడుగుల దూరంలో కుర్చీలు వేశారు. ముందు అల్లుడి ట్యాంకు చూపించి డాక్టరమ్మ అడిగింది.

"ఏం కనపడుతోంది?"

"పూల దుప్పటి ఆరేసినట్టుంది" అన్నాడు డ్రైవరు. "చేపలున్నాయా ఇందులో?"

ఉన్నాయి. కొమ్మల సందుల్లో ఇరుక్కుని ఒక్కటీ బయటికి రావడంలేదు. అల్లుడు అద్దం మీద వేలితో టకటకా కొట్టాడు. ఇంకా లోపలికి పోయాయి.

తర్వాత నాది. ముగ్గురూ కళ్ళు చికిలించుకుని ముందుకు వంగారు. ఇక గోడౌనే అనుకున్నాను.

"గుమ్మం" అంది టీచరమ్మ, తల పక్కకి తిప్పి. "కుడి చేతివైపు గుమ్మం ఉంది. పైన అరుగులాంటిది. ఆ, గుమ్మంలోంచి ఏదో వస్తోంది... మెరుస్తూ... వచ్చింది, వచ్చింది, ఇసుక మీదకొచ్చింది!"

"రెండోది కూడా!" అని డ్రైవరు కుర్చీలోంచి లేచాడు. "అదిగో, విసనకర్ర వెనక చారలది!"

ముగ్గురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుస్తున్నారు. కొట్లో కొనడానికొచ్చినవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. డాక్టరమ్మ చేతులు కట్టుకుని చూస్తోంది. "ఇదే" అంది ఓనరుతో. ఒక్క మాట.

"ఖాళీ వదలాలని నీకెలా తట్టిందయ్యా?" అన్నాడు ఓనరు, తనకి ముందే తెలుసన్నట్టు నా భుజం తడుతూ.

అప్పుడు చెప్పాను. గట్టిగానే చెప్పాను, వెనకున్నవాళ్ళకి కూడా వినపడేలా.

"నాకు రంగులు తెలియవండీ. ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనపడతాయి. అందుకే అంచులు చూసి పెట్టాను. ఇన్నేళ్ళూ ఈ కొట్లో నేను పెట్టిన ప్రతి రంగూ మా ఆవిడ ఎంచిందే. రోజూ వచ్చి అడుగున అక్షరాలు రాసిపెట్టేది. వకీలుగారి కోరల్ కూడా ఆవిడ సరిగ్గానే రాసింది. నేనే చూసుకోక తప్పు పెట్టాను. ఆ రోజు మీ అందరి ముందూ ఆవిడ మీద అబద్ధం చెప్పాను."

ఓనరు అరలోంచి ఒక కోరల్ తీసి తిప్పి చూశాడు. ఇంకోటి తిప్పాడు. అల్లుడు నాలుగోది తిప్పి, "నిజమే మావయ్యా, 'గు' అని ఉంది" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఇది కంపెనీవాళ్ళ గుర్తనుకున్నా."

టీచరమ్మ ఒక్కతే పకపకా నవ్వింది.

జూన్ 22, ఆదివారం

పొద్దున్నే మరదలి ఇంటికి పరిగెత్తాను. అప్పటికే ఓనరు ఫోన్ చేసి చెప్పేశాడట. అయినా ఆవిడ, "ఏం చెప్పారో మళ్ళీ చెప్పండి" అంది. చెప్పాను. "'అబద్ధం' అనే మాట అన్నారా?" అంది. అన్నానన్నాను. "అల్లుడున్నాడా అప్పుడు?" ఉన్నాడన్నాను. "వకీలుగారు?" ఆయన లేడన్నాను. కొంచెం ఆలోచించి, "సరే, ఆయనకి ఫోన్ చేద్దురుగాని" అంది. అక్కడే నిలబెట్టి చేయించింది. వకీలుగారు "పర్లేదయ్యా, ఆ ఆకుపచ్చదే బాగుందంటోంది మా అమ్మాయి, తెచ్చి పెట్టు" అన్నాడు.

మధ్యాహ్నం ఇద్దరం ఇంటికొచ్చాం. మాడిన గిన్నె చూసి ఏమీ అనలేదు. అనకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో చూశాను.

జూన్ 23, సోమవారం

ఆవిడ నాతో పాటే కొట్టుకొచ్చింది. భోజనం క్యారియరు లేదు, హ్యాండుబ్యాగుంది. నేరుగా ఓనరు గదిలోకి వెళ్ళింది.

"రంగులు చూసే పని ఇన్నేళ్ళూ చేశానని మీకు తెలిసిపోయింది కదా. ఇకమీద జీతానికి చేస్తాను" అంది.

ఓనరు నా వైపు చూశాడు. నేను చేపల వైపు చూశాను. పది నిమిషాల్లో బయటికొచ్చింది. "వచ్చే నెల ఒకటి నుంచి" అంది. నడకే మారిపోయింది.

అల్లుడు మా గోడౌన్‌కి వెళ్ళాడు. వెళ్ళేముందు వచ్చి, "మేస్త్రిగారూ, చేపలు నా దాంట్లో ఎందుకు రాలేదు?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. చేప బయటికి రావడానికి దారి లేదని, వెనక నీరూ తిరగడంలేదని చూపించాను. కుర్రాడు మంచివాడే. రెండు బస్తాలు ఒకేసారి ఎత్తుతున్నాడు, అది నా వల్ల అయ్యేది కాదు.

ఆగస్టు 2, శనివారం

ఆసుపత్రి ట్యాంకు ఇవాళ తెరిచారు. నీళ్ళు కుదురుకోవడానికి ఐదు వారాలు ఆగాం. నిన్న కోరల్ దింపుతుంటే మా ఆవిడ నా విసనకర్ర చూసి, "ఆకారం బంగారం, రంగు మాత్రం చూడలేకపోతున్నా" అని అదే అచ్చుది ఇంకోటి తెచ్చి పెట్టించింది. నాకు ఇసుమంత తేడా తెలీలేదు. నర్సులంతా గుంపుగా వచ్చి "అబ్బ!" అన్నారు. సరే, ఆ 'అబ్బ' ఆవిడది. గుమ్మంలోంచి పసుపు చేప రాగానే కుర్చీల్లోంచి లేచిన కేక మాత్రం నాది.

సందడి తగ్గాక డాక్టరమ్మ, "రండి మేస్త్రిగారూ, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కళ్ళు చూపించుకున్నారా?" అని తన గదిలోకి తీసుకెళ్ళింది. చుక్కల పుస్తకం ఒకటి తీసింది. ప్రతి పుటలోనూ రంగు చుక్కలు, వాటిలో అంకె దాగి ఉంటుందట. మొదటి పుట తెరవగానే "పన్నెండు!" అని గట్టిగా చెప్పాను. నాకేం తక్కువని.

"అది అందరికీ కనపడుతుంది" అంది డాక్టరమ్మ, పుట తిప్పుతూ.

రెండోదాంట్లో చుక్కలు. మూడోదాంట్లో చుక్కలు. నా వెనక మా ఆవిడ ఆగలేకపోయింది. "ఎనిమిదండీ! అయ్యో, అంత పెద్ద ఎనిమిది!"

"మీరు ఊరుకోండమ్మా, పరీక్ష ఆయనకి."

పది పుటలూ అయ్యాయి. డాక్టరమ్మ కాగితం మీద రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇచ్చింది. పుట్టుకతో వచ్చినది, మందు లేదు, చేసే పనికి అడ్డం కాదు. బడిలో ప్రతి పరీక్షా అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాణ్ణి. ఇవాళ పదికి తొమ్మిది తప్పి, ఆ కాగితం చేత్తో పట్టుకుని, హాలు మధ్యలోంచి ఛాతీ విరుచుకుని నడిచొచ్చాను.

మా ఆవిడ కూడా పరీక్ష రాస్తానని పట్టుబట్టి కూర్చుంది. పదికి పది. ఇంటికొచ్చేదాకా అదే చెబుతోంది. మెట్ల మీద పక్కింటావిడ కనపడితే ఆవిడకీ చెప్పింది. చెప్పనీ.